తూము, గట్టు, నూకలు: గల్లా–గీచీ తీరాన్ని ఎలా చూడాలి, అక్కడ ఏం తినాలి

క్లుప్తంగా

అమెరికా ఆగ్నేయ తీరంలో సౌత్ కరొలైనాలోని చార్లెస్టన్ నుంచి జార్జియాలోని సవానా వరకు ఉన్న లోతట్టు నేలను అక్కడివారు లోకంట్రీ అంటారు. ఈ నేలకు రూపమిచ్చింది వరి. ఆ వరిని పండించింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం. వారి సంతతే గల్లా–గీచీలు. వారి చరిత్ర నాలుగు చోట్ల దొరుకుతుంది: పాత వరిమళ్ల తూముల్లో, బానిసల గుడిసెల వరుసల్లో, చర్చిల్లో, వంటగదుల్లో. చార్లెస్టన్‌లో ఒకటిన్నర రోజులు, బ్యూఫోర్ట్–సెయింట్ హెలీనా ద్వీపంలో ఒక రోజు గడిపితే ఈ నాలుగూ చూడవచ్చు. ఆ సంస్కృతి నిలవడానికి, ఇప్పుడు తరిగిపోవడానికి అసలు కారణం భూమి హక్కు.

పేర్ల గందరగోళం

షార్లెట్ నుంచి చార్లెస్టన్‌కు కారులో మూడున్నర గంటలు పడుతుంది. అట్లాంటా నుంచి సవానాకు దాదాపు నాలుగు గంటలు. షార్లెట్, అట్లాంటా రెండింటిలోనూ తెలుగువారు బాగా ఉన్నారు, సెలవులు కలిసొస్తే ఈ తీరానికి వెళ్లేవాళ్లూ ఎక్కువే. గుర్రపుబండి, రంగురంగుల ఇళ్లు, ఓక్ చెట్ల బాట, దాని చివర తెల్ల స్తంభాల భవంతి చూసి, రాత్రికి రొయ్యలు–గ్రిట్స్ (మొక్కజొన్న నూక జావ) తిని తిరిగొస్తారు. చూసిన ఇళ్లను ఎవరు కట్టారు, తిన్న వంట ఎవరిది అన్నది చాలామందికి తెలియకుండానే యాత్ర ముగుస్తుంది.

ఇందుకు పేర్లూ కొంత కారణం. హోటళ్ల పలకల మీద 'లోకంట్రీ వంట' అని ఉంటుంది, 'గల్లా వంట' అని అరుదుగా కనిపిస్తుంది. కరొలైనాల్లోని వారిని గల్లా అని, జార్జియా వైపు వారిని గీచీ అని పిలవడం వాడుక. గీచీ అన్న మాట జార్జియాలోని ఒగీచీ నది పేరు నుంచి వచ్చిందని సాధారణంగా చెబుతారు. 2006లో అమెరికా కాంగ్రెస్ నార్త్ కరొలైనాలోని పెండర్ కౌంటీ నుంచి ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ కౌంటీ దాకా ఉన్న తీరపట్టీని గల్లా–గీచీ సాంస్కృతిక వారసత్వ కారిడార్‌గా గుర్తించింది. నాలుగు రాష్ట్రాలకు విస్తరించిన ఆ పట్టీ అంతా ఒక యాత్రలో తిరగడం సాధ్యం కాదు. అందులో చార్లెస్టన్, బ్యూఫోర్ట్, సవానా మధ్య భాగంలో చూడదగినవి దగ్గరదగ్గరగా ఉన్నాయి.

పోటు నీటితో వరి

ఇక్కడ గోదావరి డెల్టాలోలా కాలువలు తవ్వి పైనుంచి నీళ్లు దింపలేదు. సముద్రపు పోటునే పనికి పెట్టారు. పోటు వచ్చినప్పుడు సముద్రం నదిని వెనక్కి నెడుతుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పైపొరగా ఉండి ఎత్తుకు లేస్తుంది. సముద్రానికి మరీ దగ్గరైతే ఉప్పు తగిలి పైరు చస్తుంది, మరీ దూరమైతే పోటు అందదు. ఈ రెంటికీ మధ్య ప్రతి నది మీదా కొన్ని మైళ్ల పట్టీ మాత్రమే వరికి పనికొస్తుంది. అందుకే కూపర్, యాష్‌పూ, కాంబాహీ, ఈడిస్టో నదుల వెంట అవే చోట్ల మళ్లు కిక్కిరిసి ఉండేవి.

ముందు సైప్రస్ చెట్ల చిత్తడి అడవిని నరికి, వేళ్లు పెకలించి, నది వెంట మట్టిగట్టు పోశారు. ఆ పని అంతా పారలతో, మొలలోతు బురదలో, పాముల మధ్య జరిగింది. గట్టు కింద తూము పెట్టారు. దాన్ని ఇప్పటికీ ట్రంక్ అనే అంటారు. మొదట్లో దుంగను తొలిచి కొయ్యబిరడా పెట్టేవారని, ఆ పేరు అలా వచ్చిందని చెబుతారు. తర్వాత గట్టు వెడల్పంత పొడవైన చెక్కపెట్టెకు రెండు కొసలా తలుపులు అమర్చారు.

మడి నింపాలంటే నదివైపు తలుపును పైకెత్తి కట్టేస్తారు. పోటునీరు లోపలికి వచ్చి మడివైపు వేలాడే తలుపును తోసుకుని పారుతుంది. ఆటు మొదలై నది దిగగానే మడిలోని నీటి ఒత్తిడికి ఆ తలుపు దానంతట అదే మూసుకుంటుంది, నీళ్లు లోపలే నిలుస్తాయి. మడి ఎండగట్టాలంటే ఇదే పని తిరగేసి చేస్తారు: మడివైపు తలుపు ఎత్తుతారు, ఆటు వేళ నీళ్లు నదివైపు తలుపును తోసుకుని బయటికి పోతాయి, మళ్లీ పోటు రాగానే అది మూసుకుంటుంది. మనిషి చేయాల్సిందల్లా సరైన వేళకు సరైన తలుపు ఎత్తడం. వేళ తప్పితే మడిలోకి ఉప్పునీరు దూరుతుంది. కరువు ఏడాది నదిలో మంచినీటి పొర పలచబడినప్పుడు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. నీటిని నోట్లో పోసుకుని ఉప్పు చూసి గాని తలుపు ఎత్తని అనుభవజ్ఞులు తూముకాపరులుగా ఉండేవారు, వారూ బానిసలే.

విత్తనం నీటికి తేలిపోకుండా బంకమట్టి పూసి చల్లేవారు. ఇది పశ్చిమాఫ్రికా వరిసాగులోనూ ఉన్న పద్ధతి. మొలక కోసం మొదటి తడి పెట్టేవారు, తీసేసి కలుపు తీసేవారు. తర్వాత గడ్డినీ పురుగునూ చంపడానికి పైరు మునిగేంత లోతుగా నీళ్లు పెట్టేవారు, మళ్లీ ఎండగట్టేవారు. చివరి తడి కంకి బరువుకు పైరు పడిపోకుండా కోత దాకా నిలిచేది. కోశాక తూర్పారబట్టడానికి చేట, దంచడానికి రోలూ రోకలీ. వరి ఎరిగిన తెలుగువారికి ఇందులో పరాయిదేమీ కనిపించదు. ఈ చోట్ల తెలుగు యాత్రికుడికి అర్థమయ్యేది మరెవరికీ అంత సులువుగా అర్థం కాదు.

ఈ విద్య ఎవరిది అన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తెగని చర్చ. సెనెగాంబియా, సియెరా లియోన్ తీరాల్లో మడ అడవుల చిత్తడిని గట్లు కట్టి వరిమళ్లు చేయడం యూరోపియన్లు రాకముందే ఉంది, వరి ఎరిగిన బానిసలకు ఇక్కడి తోటల యజమానులు ఎక్కువ ధర పెట్టేవారు అని ఒక వాదం. ఏ ఓడ ఎక్కడి నుంచి వచ్చిందన్నది బానిస వ్యాపారంలోని సరఫరాను బట్టే ఎక్కువగా నడిచింది, యజమానుల కోరికను బట్టి కాదు అని ఇంకో వాదం. మొత్తం సాగువ్యవస్థ ఒక్కరి సృష్టి కాదన్నా, మట్టి పూసిన విత్తనం నుంచి చేట దాకా చేతిపనిలో ఆఫ్రికా ముద్ర ఉందన్నదాన్ని కొట్టిపారేయడం కష్టం.

ఈ తూముల్ని దగ్గర్నుంచి చూడాలంటే చార్లెస్టన్‌కు పడమరగా రావెనెల్ దగ్గర ఉన్న కాకా కౌంటీ పార్కు అనువైనది. పాత వరిమళ్ల గట్ల మీద నడుస్తూ తూములు చూడవచ్చు. ఆ చుట్టుపక్కలే 1739 సెప్టెంబరులో స్టోనో అనే బానిసల తిరుగుబాటు జరిగింది. వారంలో అన్ని రోజులూ తెరిచి ఉండదు కాబట్టి ముందే చూసుకోవాలి. ఎండాకాలం దోమలు విపరీతం, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా హాయిగా ఉంటుంది.

దోమ, గుత్త పని, భాష

1708 నాటికే సౌత్ కరొలైనా కాలనీలో నల్లవారి సంఖ్య తెల్లవారిని మించింది. నిలవనీటి మళ్లలో మలేరియా పెరిగింది. పశ్చిమాఫ్రికా నుంచి వచ్చినవారిలో చాలామందికి పుట్టుకతో వచ్చిన రక్తలక్షణాల వల్ల కొంత రక్షణ ఉండేది, యూరోపియన్లకు అది లేదు. దాంతో యజమాని కుటుంబాలు మే నెలలో పట్నానికి వెళ్లి మంచు పడ్డాక గాని తిరిగొచ్చేవి కావు. పొలాల్లో నెలల తరబడి ఒకరిద్దరు తెల్ల అజమాయిషీదార్లు, వందలాది బానిసలు మిగిలేవారు. అయితే రక్షణ అన్న మాటను ఎక్కువ చేసి చదవకూడదు. వరిమళ్లలో చంటిపిల్లల చావులు దారుణంగా ఉండేవి.

ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న అలవాట్లు ఇక్కడ నిలవడానికి ఈ ఎడం ఒక కారణమైతే, రెండో కారణం పని పంచే తీరు. పత్తి ప్రాంతాల్లో పొద్దుగుంకే దాకా గుంపుగా పని చేయించేవారు. ఇక్కడ రోజుకు ఇంత అని కొలిచి ఇచ్చేవారు, మన గుత్త పనిలాగా. సాధారణంగా మనిషికి పావు ఎకరం. ఆ కొలత ఒళ్లు విరిచేది. కానీ అది పూర్తయ్యాక మిగిలిన పొద్దు వారిది. ఆ పొద్దులో పెరటి తోట వేశారు, వల అల్లారు, చేపలు పట్టారు, మిగిలింది చార్లెస్టన్ అంగడికి తెచ్చి అమ్మారు. గల్లా వంట ఆ పెరటి తోటలో, ఆ వలలో పుట్టింది.

తెల్లవారి మాట తక్కువగా వినబడే ఆ ద్వీపాల్లోనే ఇంగ్లీషు పదాలూ ఆఫ్రికా భాషల నడకా కలిసిన గల్లా భాష నిలిచింది. 1930లలో లొరెంజో డౌ టర్నర్ అనే నల్లజాతి భాషావేత్త ఊరూరా తిరిగి, అది వచ్చీరాని ఇంగ్లీషు కాదని, వేలాది ఆఫ్రికన్ పేర్లూ పదాలూ ఉన్న భాష అని ఆధారాలతో చూపాడు.

చార్లెస్టన్: ఏ చోట ఏం తెలుస్తుంది

ముందు ఓడరేవుతో మొదలుపెట్టడం మంచిది. ఉత్తర అమెరికాకు తెచ్చిన ఆఫ్రికన్లలో దాదాపు 40 శాతం చార్లెస్టన్ రేవు ద్వారానే వచ్చారన్నది తరచూ చెప్పే అంచనా. ఆ రాకలో పెద్ద భాగం చూసిన గాడ్స్‌డెన్ రేవు స్థలంలోనే 2023 జూన్‌లో ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు. ఆ నేల మీద కట్టడం ఉండకూడదని భవనాన్ని 18 స్తంభాల మీద 13 అడుగుల ఎత్తున నిలబెట్టారు. కింది ప్రాంగణానికి టికెట్ అక్కర్లేదు, పైకి కావాలి. సోమవారం సెలవు. కనీసం మూడు గంటలు ఉంచుకోవాలి. వంశవృక్షాలు వెతికే కేంద్రం కూడా లోపలే ఉంది. 1870 జనగణనకు ముందు బానిసల పేర్లు రికార్డుల్లో ఎందుకు దొరకవో, వీలునామాల్లో ఆస్తి పట్టికల మధ్య వాటిని ఎలా వెతుకుతారో అక్కడ తెలుస్తుంది.

తర్వాత చామర్స్ వీధిలోని ఓల్డ్ స్లేవ్ మార్ట్. దీని వెనుక ఒక మునిసిపల్ నిర్ణయం ఉంది. అంతకుముందు బానిసల వేలం ఎక్స్‌ఛేంజ్ భవనం పక్కన బహిరంగంగా జరిగేది. 1856లో నగరం బహిరంగ వేలాన్ని నిషేధించింది. మనుషుల్ని అమ్మడం తప్పని కాదు, వీధిలో కనబడకూడదని. దాంతో వ్యాపారం ప్రహరీల లోపలికి పోయింది. ఇప్పుడు నిలిచి ఉన్న 1859 నాటి వేలం గది అలా వచ్చిందే. ఒకప్పుడు దానికి ఆనుకుని ఉన్న చెరసాల, వంటిల్లు, శవాలగది ఇప్పుడు లేవు. లోపల వస్తువులు తక్కువ, రాతపలకలు ఎక్కువ. చదివే ఓపిక ఉంటే గంట సరిపోతుంది. స్థలం ఇరుకు, పొద్దున్నే వెళ్లాలి.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు: కొద్ది దూరంలోని సిటీ మార్కెట్‌నే బానిసల సంత అనుకోవడం. అది మాంసం, కూరగాయలు, చేపలు అమ్మిన అంగడి. అక్కడ మనుషుల్ని అమ్మలేదు. అక్కడ కూర్చుని అమ్మినవారిలో మాత్రం ఎందరో నల్లజాతి స్త్రీలు. ఇప్పటికీ గడ్డిబుట్టలు అల్లుతూ కూర్చునేది వారి సంతతే.

కాల్హూన్ వీధిలోని మదర్ ఇమాన్యుయెల్ చర్చి నేటికీ ప్రార్థనలు జరిగే గుడి. 1822లో తిరుగుబాటుకు పథకం వేశాడని ఉరితీసిన డెన్మార్క్ వెసీ ఈ సంఘానికి చెందినవాడు. ఇప్పటి భవనం 1891 నాటిది. 2015 జూన్ 17న బైబిల్ అధ్యయనంలో ఉన్న తొమ్మిదిమందిని ఒక తెల్లజాతి దురహంకారి కాల్చి చంపాడు. ఫోటోల కోసం లోపలికి చొరబడే చోటు కాదిది. ఆరాధనకు వచ్చేవారిని ఆ సంఘం ఆదరంగా కూర్చోబెడుతుంది.

తోటల విషయానికొస్తే ఎంపిక జాగ్రత్తగా చేసుకోవాలి. చాలాచోట్ల టికెట్ ధర ఉద్యానం, భవంతి చూడటానికి. బానిసల గుడిసెల పర్యటన వేరు వేళల్లోనో, వేరు టికెట్‌తోనో ఉంటుంది. అడగకపోతే తప్పిపోతుంది. జేమ్స్ ద్వీపంలోని మెక్‌లియోడ్ తోటను కౌంటీ నడుపుతుంది, 37 ఎకరాలు. అక్కడ కథ గుడిసెల వైపు నుంచే మొదలవుతుంది. అది వరితోట కాదు, సన్నపోగు సీ ఐలండ్ పత్తి పండిన చోటు. అమెరికా అంతర్యుద్ధం (1861–65) తర్వాత విముక్తుల సంక్షేమానికి పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అక్కడ పనిచేసింది. ఆ గుడిసెల్లో 1990 వరకూ జనం కాపురమున్నారు. ఒక్క తోటే చూసే వీలుంటే దీన్నే చూడాలి.

సెయింట్ హెలీనా: పట్టా నిలిచిన ద్వీపం

చార్లెస్టన్ నుంచి బ్యూఫోర్ట్ 70 మైళ్లు, గంటన్నర. 17వ నంబరు రహదారి మీద కాంబాహీ నది దాటే వంతెనకు, తాను బానిసత్వం నుంచి తప్పించుకుని ఇతరులనూ విడిపించిన హారియెట్ టబ్‌మన్ పేరుంది. 1863 జూన్ మొదట్లో ఆమె దారి చూపగా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షమైన యూనియన్ పడవలు ఈ నదిలోకి వచ్చి ఒక్క రాత్రిలో 700 మందికి పైగా బానిసల్ని విడిపించాయి. ఆ వంతెన మీంచి రెండువైపులా చదునుగా కనిపించే గడ్డిమడులు పాత వరిపొలాలే. ఇప్పుడు బాతుల కోసం నీళ్లు పెడుతున్నారు, తూములు మాత్రం అదే పద్ధతిలో పనిచేస్తున్నాయి.

1861 నవంబరులో యూనియన్ నావికాదళం పోర్ట్ రాయల్‌ను పట్టుకోగానే తోటల యజమానులు పారిపోయారు. సుమారు పదివేలమంది నల్లవారు యుద్ధం ముగియడానికి మూడున్నరేళ్ల ముందే యజమానులు లేని నేల మీద మిగిలారు. 1862లో సెయింట్ హెలీనా ద్వీపంలో వారి కోసం పెన్ స్కూల్ అనే బడి మొదలైంది, ఇప్పటి పెన్ సెంటర్ అదే. 1863 జనవరి 1న పక్కనే క్యాంప్ సాక్స్టన్‌లో విముక్తి ప్రకటన చదివారు. చార్లెస్టన్ రేవులోంచి దక్షిణాది పక్షమైన కాన్ఫెడరేట్ల ఓడ 'ప్లాంటర్'ను 1862 మే 13 తెల్లవారుజామున కోటల తుపాకుల ముందు నుంచే నడిపించి యూనియన్‌కు అప్పగించిన రాబర్ట్ స్మాల్స్ బ్యూఫోర్ట్‌లో బానిసగా పుట్టినవాడు. తర్వాత తన పాత యజమాని ఇంటినే పన్ను వేలంలో కొన్నాడు, కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. ఆ ఇల్లు ప్రిన్స్ వీధిలో ఉంది, ప్రైవేటు ఇల్లు కాబట్టి బయటినుంచే చూడాలి.

ఇక్కడ గమనించాల్సింది పన్ను వేలం. 1865 జనవరిలో యూనియన్ జనరల్ షెర్మన్ తీరభూమిని 40 ఎకరాల చొప్పున విముక్తులకు కేటాయించిన ఉత్తర్వు ప్రసిద్ధం. కానీ అది అనుభవహక్కు మాత్రమే. అదే ఏడాది అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూముల్ని పాత యజమానులకు తిరిగిచ్చేశాడు. సెయింట్ హెలీనాలో జరిగింది వేరు. యజమానులు కేంద్రప్రభుత్వ పన్ను కట్టలేదని జప్తు చేసిన భూముల్ని విముక్తులు చిన్న కమతాలుగా డబ్బు పెట్టి కొన్నారు. కొన్నదానికి పట్టా ఉంది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయారు. ఈ ద్వీపంలో నేటికీ గల్లా కుటుంబాలు సొంత నేల మీద ఉండటానికి మూలం అదే.

పెన్ సెంటర్‌లో మ్యూజియం, ఓక్ చెట్ల కింద పాత బడి భవనాలు ఉన్నాయి. 1960లలో మార్టిన్ లూథర్ కింగ్ తన సహచరులతో సమావేశాలు జరిపింది ఇక్కడే. రహదారికి అవతల 1855 నాటి బ్రిక్ బాప్టిస్ట్ చర్చి. అది, పెన్ సెంటర్‌లోని డారా హాల్, బ్యూఫోర్ట్ పాత అగ్నిమాపక కేంద్రం, క్యాంప్ సాక్స్టన్ కలిపి పునర్నిర్మాణ యుగ (అంతర్యుద్ధ కాలం, ఆ తర్వాతి ఏళ్ల) జాతీయ చారిత్రక ఉద్యానం. 2017లో స్మారకంగా ప్రకటించారు, ప్రవేశ రుసుం లేదు. ముందు పాత అగ్నిమాపక కేంద్రానికి వెళ్లి రేంజర్ ప్రసంగాల వేళలు అడిగి తర్వాత ద్వీపంలోకి వెళ్లాలి. వరుస తిరగేస్తే తలుపులు వేసిన భవనాలు చూసి రావాల్సి వస్తుంది.

పళ్లెంలో ఉన్నది

గల్లా భోజనానికి పునాది అన్నం. మిగతావన్నీ దాని మీద పోసుకునేవో, దానిలో ఉడికేవో. బెండకాయ, బొబ్బర్లు ఆఫ్రికా నుంచి వచ్చినవే. నువ్వుల్ని ఇక్కడ ఇప్పటికీ 'బెన్నె' అంటారు, అది పశ్చిమాఫ్రికా మాట. చార్లెస్టన్ అంగళ్లలో దొరికే పలుచని తీపి బెన్నె బిళ్లలు ఆ నువ్వులవే.

బెండకాయ సూప్ అంటే టొమాటో, మొక్కజొన్న, లిమా చిక్కుడు, రొయ్యలు లేదా పొగబెట్టిన మాంసంతో చేసి అన్నం మీద పోసేది. తెలుగు వంటింట్లో బెండకాయ జిగురు పోవాలని ముందు వేయిస్తాం. ఇక్కడ ఆ జిగురే పులుసును చిక్కబరిచేది, అందుకే కోసి నేరుగా వేస్తారు. ఎక్కువసేపు నెమ్మదిగా ఉడికితే టొమాటో పులుపుకు జిగురు తీగలు సాగడం తగ్గి, చిక్కదనం నిలుస్తుంది.

ఎర్రన్నం పశ్చిమాఫ్రికాలో టొమాటోతో వండే జొలోఫ్ అన్నానికి బంధువు. పాత చార్లెస్టన్ పద్ధతిలో రెండు కప్పుల బియ్యానికి 170 గ్రాముల టొమాటో పేస్టు డబ్బా ఒకటి, అదే డబ్బాతో ఒకటిన్నర నుంచి రెండు డబ్బాల నీళ్లు. నీళ్లు ఇంత తక్కువ ఎందుకంటే ఇది నేరుగా మంట మీద ఉడకదు, కింద నీళ్లు మరిగే రెండంతస్తుల గిన్నెలో ఆవిరికి గంటకు పైగా ఉడుకుతుంది. ఇదే కొలతతో మామూలు గిన్నెలో పెడితే చిక్కటి పేస్టు అడుగంటుతుంది, పైన బియ్యం పలుకుగా మిగులుతుంది. నీళ్లు ఎక్కువ పోస్తే ముద్దవుతుంది. ఆవిరి గిన్నె లేనివారు మూత బిగించి ఓవెన్‌లో పెట్టేది ఇందుకే. కలపడం ఫోర్కుతోనే, గరిటె పెడితే మెతుకు విరుగుతుంది.

హాపిన్ జాన్ మన పులగం లాంటిది. పప్పు స్థానంలో ఎర్ర బొబ్బర్లు. బొబ్బర్లను పొగబెట్టిన పందిమాంసంతో ముందు ఉడికించి, ఆ కట్టులోనే బియ్యం పోసి ఉడికించాలి. విడివిడిగా వండి కలిపితే రుచి బియ్యంలోకి వెళ్లదు. పర్యాటక హోటళ్లలో జరిగేది ఎక్కువగా అదే. కొత్త సంవత్సరం రోజున దీన్ని కొలార్డ్ ఆకుకూరతో తినడం ఆనవాయితీ.

ఫ్రాగ్‌మోర్ స్ట్యూలో కప్పలు లేవు. ఫ్రాగ్‌మోర్ అన్నది సెయింట్ హెలీనాలోని ఒక పేట పేరు. పెద్ద కుండలో మసాలా నీళ్లు మరిగించి ముందు బంగాళాదుంపలు, పావుగంట తర్వాత సాసేజి, మొక్కజొన్న కండె ముక్కలు, చివరి రెండు మూడు నిమిషాలకే రొయ్యలు వేసి వెంటనే వడకట్టాలి. వేడినీళ్లలో వదిలేస్తే రొయ్య రబ్బరు ముక్కవుతుంది.

ఇక నూకలు. దంచినప్పుడు విరగని బియ్యం ఎగుమతికి పోయేది, నూకలు దంచినవారికి మిగిలేవి. హరికేన్ల దెబ్బకు, కూలికి చేయడానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో 1893 తర్వాత వరిసాగు కుంగి, 1911 తుపానుతో దాదాపు ఆగిపోయింది. 1980లలో 'కరొలైనా గోల్డ్' వంగడాన్ని మళ్లీ సాగులోకి తెచ్చారు. ఇప్పుడు ఆ బియ్యం నూకలను 'రైస్ గ్రిట్స్' పేరుతో ఖరీదైన సంచుల్లో అమ్ముతున్నారు. ఒకప్పటి బానిసల తిండి ధర ఇప్పుడు మామూలు బియ్యానికి ఎన్నో రెట్లు. ఈ మార్పులో లాభం ఎవరికి వెళ్తోందన్నది గల్లా వంటవారు గట్టిగా అడుగుతున్న ప్రశ్న, అడగాల్సినదే.

ఎక్కడ, ఎప్పుడు, ఏం అడగాలి

నార్త్ చార్లెస్టన్‌లోని బెర్తాస్ కిచెన్ బెండకాయ సూప్‌కు, లిమా చిక్కుళ్లకు పేరుపొందింది. 2017లో వంట పురస్కారాలిచ్చే జేమ్స్ బేర్డ్ సంస్థ దాన్ని అమెరికా క్లాసిక్స్‌లో చేర్చింది. నగరం తూర్పు పేటలోని హానిబల్స్ కిచెన్‌లో పీతలన్నం ప్రత్యేకం. సెయింట్ హెలీనాలో పెన్ సెంటర్‌కు దగ్గరగా గల్లా గ్రబ్ ఉంది. పేరున్న వంటవాడు రాడ్నీ స్కాట్ పందిని మొత్తంగా నిప్పుల మీద కాల్చే బార్బెక్యూ గల్లాది కాదు, లోపలి కౌంటీల సంప్రదాయం. రెండూ ఒకటనుకోకూడదు.

ఇలాంటి వంటిళ్లు పనివాళ్ల మధ్యాహ్న భోజనం కోసం పుట్టినవి. కొన్నిటికి శని, ఆదివారాలు సెలవు. వండింది అయిపోతే అయిపోయినట్టే. పన్నెండు లోపు చేరాలి, వెళ్లేముందు ఫోన్ చేయాలి. ఒక మాంసం, రెండు మూడు పక్కవంటలు కలిపి ఒక పెట్టె ఇస్తారు, ఇద్దరికి సరిపోయేంత ఉంటుంది. కూర్చునే చోటు తక్కువ.

శాకాహారులకు, పందిమాంసం తిననివారికి ఇక్కడ చిక్కొకటుంది. ఈ వంటలో మాంసం చాలాసార్లు కూరగా కాక తాలింపులా పనిచేస్తుంది. కొలార్డ్ ఆకు, క్యాబేజీ, చిక్కుళ్లు, ఎర్రన్నం అన్నిట్లోనూ పొగబెట్టిన పంది ఎముకో, టర్కీ మెడో ఉంటుంది. 'ఇందులో మాంసం ఉందా' అంటే ముక్కలు లేవు కాబట్టి లేదనే జవాబు నిజాయితీగానే వస్తుంది. 'రుచి కోసం ఏ మాంసం వేశారు' అని అడగాలి. వేయించిన బెండకాయ శాకాహారమే అయినా చేపలు వేగిన నూనెలోనే వేగుతుంది. తీపి దుంపలు, వట్టి అన్నం, మాకరోనీ చీజ్ కొంత నయం. రొయ్య, పీత పడనివారు ఫ్రైలకు, సూప్‌లకు దూరంగా ఉండటమే మేలు.

ఉమ్మడి భూమి ఎలా చేజారుతోంది

వీలునామా రాయకుండా తాత చనిపోతే భూమి పిల్లలకు, వారి పిల్లలకు ఉమ్మడిగా పోతుంది. నాలుగు తరాల తర్వాత యాభైమంది వాటాదారులు, సగం మంది న్యూయార్క్‌లోనో ఫిలడెల్ఫియాలోనో. పార్టిషన్ దావాలు ఎరిగిన తెలుగువారికి తర్వాతి భాగం ఊహకు అందుతుంది. ఎక్కడో ఉన్న ఒక వారసుడి వాటాను బయటి కంపెనీ కొంటుంది. వాటాదారుగా కోర్టుకు వెళ్లి విభజన అడుగుతుంది. ముక్కలు చేయడం కుదరదని కోర్టు మొత్తం వేలం వేయిస్తుంది. వేలంలో నగదు ఉన్నది కంపెనీకే. అక్కడే పుట్టి, పన్ను కడుతున్న కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తుంది.

హిల్టన్ హెడ్ ద్వీపానికి 1956లో వంతెన వచ్చింది, దాని వెంటే గోల్ఫ్ మైదానాలు, గేటెడ్ కాలనీలు వచ్చాయి. భూమి విలువతో పాటు పన్నూ పెరిగింది. 1862లో విముక్తులు తామే పాలించుకున్న మిచెల్‌విల్ ఉన్న ద్వీపం అది. సౌత్ కరొలైనాలో 2017 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం కోర్టు భూమికి మార్కెట్ విలువ కట్టించాలి, మిగతా వారసులకు ముందుగా కొనే అవకాశం ఇవ్వాలి. డబ్బు లేనివారికి ఆ అవకాశం కాగితం మీదే మిగలవచ్చు. అయినా పూర్వపు కారుచౌక వేలాలకు ఇది పెద్ద అడ్డు. చట్టానికి పెట్టిన పేరు క్లెమెంటా పింక్నీది. మదర్ ఇమాన్యుయెల్‌లో హతుడైన పాస్టరు, రాష్ట్ర సెనేటరు ఆయనే.

బ్యూఫోర్ట్ కౌంటీ 1999లోనే సెయింట్ హెలీనాలో గేటెడ్ కాలనీలు, రిసార్టులు, గోల్ఫ్ మైదానాలు కట్టకూడదని నిబంధన పెట్టింది. 2023లో దాన్ని సడలించాలన్న ప్రయత్నాన్ని నిలువరించి మరింత బిగించింది. అదే ఏడాది జార్జియాలోని సపేలో ద్వీపంలో మెకింటాష్ కౌంటీ దీనికి ఎదురు దారి పట్టింది: హాగ్ హమాక్ ఊరిలో ఇంటి గరిష్ఠ పరిమాణాన్ని 1,400 నుంచి 3,000 చదరపు అడుగులకు పెంచింది. పెద్ద ఇళ్లు వస్తే పన్ను మదింపు పెరుగుతుందని ఊరివారు భయపడ్డారు. సపేలోకు వంతెన లేదు, మెరిడియన్ నుంచి ఫెర్రీ మీద ముందస్తు ఏర్పాటుతోనే వెళ్లాలి. 2024 అక్టోబరు 19న ద్వీపం వార్షిక ఉత్సవం నాడు రేవులోని నడవంతెన కూలి ఏడుగురు చనిపోయారు.

భూమి చేజారితే ఇల్లొక్కటే పోదు. మౌంట్ ప్లెజెంట్‌లో 17వ రహదారి పక్కన బుట్టలల్లే స్త్రీలకు కావలసిన స్వీట్‌గ్రాస్ ఇసుకదిబ్బల వెనుక పెరిగేది. ఆ దిబ్బల్లో చాలావరకు ఇప్పుడు గేట్ల లోపల ఉన్నాయి. గడ్డి కోసం వారు జార్జియా, ఫ్లోరిడా దాకా వెళ్తున్నారు. అరచేతిలో పట్టే బుట్ట కూడా పదుల డాలర్లు పలకడానికి, పెద్ద చేట వందలకు, వేలకు చేరడానికి ఆ ప్రయాణం, వారాల అల్లిక రెండూ కారణం. గడ్డి, పామెట్టో (తాటి జాతి చెట్టు) ఆకు చీలిక, పొడవాటి పైన్ సూదులు, బలానికి బుల్‌రష్ వాడి, చెంచా కాడను అరగదీసి చేసిన మొనతో కుట్టు వేస్తారు. బుట్ట కొనేముందు కుట్ల మధ్య సందు చూడాలి. అది ఎంత బిగువుగా ఉంటే అంత కాలం మన్నుతుంది. ధర తగ్గించమని బేరం ఆడటం ఇక్కడ తగదు.